పాత సినిమాల్లో నటుల చేతికి వచ్చిన కెమెరాలను గుర్తుపట్టడం ఎలా

పాత తెలుగు సినిమాలో విలేకరి పాత్ర వచ్చినా, పెళ్లి పందిట్లో ఫొటోగ్రాఫరు నిలబడినా, విలన్ అనుచరుడు చెట్టు చాటు నుంచి నాయకానాయికలను ఫొటో తీసినా, ఆ చేతిలో ఉన్న కెమెరా ఏదై ఉంటుందన్న కుతూహలం పాత కెమెరాలతో పరిచయం ఉన్నవారికి కలగక మానదు. చాలామంది వెంటనే కంపెనీ పేరు కోసం వెతుకుతారు. తెర మీద పేరు కనిపించకపోయేసరికి రోలీఫ్లెక్స్ అనో లైకా అనో నోటికి వచ్చిన పేరు పెట్టేస్తారు. ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో మొదట చేతులను, తరువాత ఆకారాన్ని, ఆ తరువాత పిడులను, మరలను చూసి, పేరు సంగతి చిట్టచివర తేల్చుకోవాలి.

ఆనాటి తెలుగు చిత్రాలు ఎక్కువగా మద్రాసు స్టూడియోలలో తయారయ్యాయి కనుక ఆ వస్తువులు కూడా అక్కడివే. అయితే విజయవాడ, గుంటూరు వాసులకు వేరే సౌకర్యాలు ఉన్నాయి. గాంధీనగర్‌లో దశాబ్దాల పాటు సాగిన పంపిణీ వ్యాపారం వల్ల ప్రచార చిత్రాలు, పాటల పుస్తకాలు ఈ ప్రాంతపు ఇళ్లలో చాలానే మిగిలాయి. లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో సినిమా పత్రికల పాత సంచికలు ఓపికగా వెతికితే దొరుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, గవర్నర్‌పేటలోనూ గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేటల్లోనూ ఫిల్ము కాలం నుంచి ఉన్న స్టూడియోల బీరువాల్లో అవే రకం కెమెరాలు ఇప్పటికీ పడి ఉన్నాయి. తెర మీద చూసినదాన్ని చేత్తో పట్టుకుని పోల్చుకునే వీలు ఇంతకన్నా ఏం కావాలి.

మొదటి పని: ప్రతిని పరీక్షించడం

1950లలో, 60లలో వచ్చిన మన చిత్రాలలో అధిక భాగం 1.37:1 చట్రంలో, అంటే ఎత్తుకు 1.37 రెట్లు వెడల్పున్న చట్రంలో తీసినవి. వాటిని నేటి టీవీ తెర నిండేలా పైనా కిందా కోసి అప్‌లోడ్ చేసిన ప్రతులలో బొమ్మ ఎత్తు దాదాపు నాలుగో వంతు పోతుంది. నడుము దగ్గర పట్టుకునే కెమెరా సరిగ్గా ఆ పోయిన భాగంలోనే ఉంటుంది. కాబట్టి తెరకు రెండు వైపులా నల్లని ఖాళీ వదిలిన ప్రతి దొరికితే, అది కాస్త మసకగా ఉన్నా, దాన్నే ఎంచుకోవాలి.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. కాపీరైటు తనిఖీకి చిక్కకుండా కొందరు బొమ్మను అద్దంలో కనిపించినట్టు ఎడమ కుడి మార్చి అప్‌లోడ్ చేస్తారు. కుడివైపు ఉండవలసిన పిడి ఎడమవైపు కనిపించి, లోకంలో లేని మోడల్ ఏదో కనిపెట్టామన్న భ్రమ కలుగుతుంది. దీన్ని తేల్చడానికి కెమెరాను చూడనక్కర లేదు, ఆ సన్నివేశంలో ఉన్న స్త్రీల పైట చూస్తే చాలు. పైట ఎడమ భుజం మీద ఉండాలి. మగవాళ్ల చొక్కా జేబు ఎడమ రొమ్ము మీద ఉండాలి. వెనుక బోర్డు ఏదైనా ఉంటే అక్షరాలే సాక్ష్యం చెబుతాయి. పాత పత్రికల్లో అచ్చయిన స్టిల్స్‌కు కూడా ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే బ్లాకు తయారీలో నెగటివ్ తిరగబడడం అరుదేమీ కాదు.

యూట్యూబులో వీడియోను ఆపి కీబోర్డు మీద కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కొక్క ఫ్రేము వెనక్కు, ముందుకు జరుగుతుంది. కెమెరా పూర్తిగా నిలకడగా ఉన్న ఫ్రేము కన్నా, నటుడు దాన్ని పైకెత్తేటప్పుడో దించేటప్పుడో పక్క భాగం మెరిసిన ఫ్రేమే ఎక్కువ పనికొస్తుంది. అలాంటివి దొరికినన్ని భద్రపరచుకోవాలి.

రెండో పని: చేతులు, కళ్లు

నటుడు కెమెరాను ఎక్కడ పట్టుకున్నాడు, కన్ను ఎక్కడ పెట్టాడు అన్నదాన్ని బట్టే సగం విషయం తేలిపోతుంది. నడుము దగ్గరో గుండెల దగ్గరో పట్టుకుని, తల వంచి పైనుంచి లోపలికి చూస్తే అది ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుండే ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్ గానీ, పాతకాలపు డబ్బా కెమెరా గానీ అయి ఉంటుంది. కంటికి ఆనించి చూస్తే 35 ఎంఎం కెమెరా, లేదా తలుపు తెరిస్తే తిత్తితో లెన్సు ముందుకు వచ్చే మడత కెమెరా, లేదా మన దేశంలోనే తయారై మధ్యతరగతి ఇళ్లకు చేరిన అగ్ఫా క్లిక్ త్రీ వంటి తేలికపాటి కెమెరా కావచ్చు. మూడు కాళ్ల స్టాండు మీద ఉండి వెనుక నల్ల గుడ్డ వేలాడుతుంటే కొయ్య ఫీల్డ్ కెమెరా. దక్షిణాది స్టూడియోలలో వాడిన ఇటువంటి కొయ్య కెమెరాలలో కేరళలోని అలెప్పీలో తయారైన వాగీశ్వరి కెమెరాలు కూడా ఉన్నాయి. అందుచేత ఇత్తడి, కొయ్య కనిపించగానే ఇంగ్లండు సరుకని తీర్మానించకూడదు.

ఈ స్టాండు కెమెరా దృశ్యాలలో నటన ఎంత పొరపాటుగా ఉంటుందో గమనించండి. ఫొటోగ్రాఫరు నల్ల గుడ్డలో తల దూర్చి, అక్కడి నుంచే ‘నవ్వండి’ అని చెప్పి, అందులో ఉండగానే ఫొటో తీసేస్తాడు. నిజానికి గుడ్డలో తల దూర్చేది గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి ఫోకస్ సరిచేయడానికే. ఆ తరువాత ప్లేటు ఉన్న చట్రాన్ని వెనుక అమర్చితే గాజు మూసుకుపోతుంది, చూడడానికి ఏమీ మిగలదు. ఫొటోగ్రాఫరు బయటికి వచ్చి, కెమెరా పక్కన నిలబడి, చట్రం మూత లాగి, లెన్సు మూత తీసి పెడతాడు. ఈ వరుస సరిగ్గా కనిపించిందంటే ఆ సెట్టు మీద పని తెలిసినవారు ఎవరో ఉన్నారన్నమాట. అప్పుడు ఆ కెమెరా కూడా పనిచేసే అసలు వస్తువై ఉండే అవకాశం ఎక్కువ.

అరండల్‌పేటలో చాలా కాలం స్టూడియో నడిపిన ఒక పెద్దాయన ఇలాంటి సన్నివేశాలను మాటలు వినకుండా చూసేవారు. ‘మొహం కాదు బాబూ, వాడి బొటనవేలు చూడు, జన్మలో రీలు తిప్పిన వేలేనా అది?’ అనేవారు. ఆ వేలి పరీక్ష ఈ వ్యాసంలో ముందుముందు చాలాసార్లు అక్కరకు వస్తుంది.

మూడో పని: ట్విన్ లెన్స్ కుటుంబాన్ని విడదీయడం

మన పాత చిత్రాలలో ఫొటోగ్రాఫరు అనగానే ఎక్కువగా ఎదురయ్యేది ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులున్న ఈ నిలువు పెట్టె. దీన్ని చూసిన ప్రతివారూ రోలీఫ్లెక్స్ అనేస్తారు. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ నగరపు ఫ్రాంకే ఉండ్ హైడెకే సంస్థ 1929లో తెచ్చిన రోలీఫ్లెక్స్ ఈ ఆకారానికి ప్రసిద్ధి తెచ్చిన మాట నిజమే. కానీ దాని తోబుట్టువు రోలీకార్డ్, జపాను యాషికా, రష్యా లూబిటెల్, చైనా సీగల్, ఇంకా ఎన్నో ఇదే వరుసలో ఉన్నాయి.

ఇకపై చెప్పే కుడి ఎడమలు కెమెరా పట్టుకున్నవాడివి. అతడు మనకు ఎదురుగా ఉంటే తెర మీద అవి మారిపోతాయి.

మొట్టమొదట కుడి పక్కన ఫిల్ము జరిపే సాధనం చూడాలి. మడిచి విప్పే చిన్న చేతి మర ఉంటే, అంటే క్రాంక్ ఉంటే, అది రోలీఫ్లెక్స్ గానీ యాషికా-మ్యాట్ గానీ కావచ్చు. 1932 నుంచి వచ్చిన రోలీఫ్లెక్స్‌లకు ఈ క్రాంక్ ఉంది, యాషికా-మ్యాట్ 1957లో వచ్చింది. క్రాంక్ బదులు గుండ్రటి పిడి ఉంటే రోలీకార్డ్, యాషికా ఏ, యాషికా డీ వంటి చవక రకాల వైపు ఆలోచన సాగాలి. 1933లో మొదలైన రోలీకార్డ్‌కు చాలా కాలం ఫోకస్ పిడి కూడా కుడివైపే ఉండేది. రోలీఫ్లెక్స్ ఆటోమాట్ వంటి వాటిలో ఫోకస్ ఎడమ చేతి పని, ఫిల్ము జరపడం కుడి చేతి పని. కాబట్టి నటుడి ఎడమ చేయి పిడి మీద మెదులుతోందా, లేక రెండు పనులూ కుడిచేత్తోనే చేస్తున్నాడా అన్నది గమనించవలసిన విషయం.

తరువాత ముందు ముఖం చూడాలి. రెండు లెన్సుల మధ్య అటూ ఇటూ చిన్న చక్రాలు ఉంటే 1937 తరువాతి రోలీఫ్లెక్స్ లేదా యాషికా-మ్యాట్, యాషికా డీ వంటివి. కింది లెన్సు చుట్టూ సన్నని మీటలు బయటకు పొడుచుకుని ఉంటే రోలీకార్డ్ తరహా. నేమ్‌ప్లేటుకు ఆనుకుని తేనెపట్టు గళ్ల వంటి వెడల్పాటి పట్టీ కనిపిస్తే అది లైట్ మీటరు. రోలీఫ్లెక్స్‌లలో ఈ పట్టీ 1956 తరువాతి ఈ, ఎఫ్ వరుసల గుర్తు, అయితే మీటరు ఉన్న యాషికాలు కూడా కొన్ని ఉన్నాయి కనుక ఇదొక్కటే చాలదు.

లూబిటెల్‌ను పట్టుకోవడం అన్నిటికన్నా సులువు. దాని రెండు లెన్సుల చుట్టూ పళ్ల చక్రాలు ఒకదానినొకటి పట్టుకుని బయటికే కనిపిస్తాయి, పై లెన్సును తిప్పితే కిందిది కూడా తిరుగుతుంది. రోలీఫ్లెక్స్, యాషికాలలో అలా కాదు, ఫోకస్ పిడి తిప్పితే లెన్సులున్న ముందు పలక మొత్తం ముందుకు జరుగుతుంది. పక్క నుంచి తీసిన షాటు దొరికితే ఆ పలకకూ పెట్టెకూ మధ్య సన్నని సందు కనిపిస్తుంది.

ఇక వేలి పరీక్ష. ఈ కెమెరాలతో ఒక ఫొటో తీశాక ఫిల్ము జరపకుండా రెండోది తీయడం మామూలుగా కుదరదు. క్రాంక్ ముందుకు తిప్పి, వెనక్కు తెచ్చి, అప్పుడు మీట నొక్కాలి. నాయకుడు చకచకా నాలుగు ఫొటోలు తీసి ఒక్కసారి కూడా క్రాంక్ ముట్టుకోకపోతే ఆ పెట్టెలో రీలు లేదనుకోవచ్చు. పై మూత తెరవకుండానే కెమెరాను కంటికి ఎత్తితే అది పచ్చి నటన. మూత తెరిచి, దాని ముందు రేకును లోపలికి మడిచి, ఆ చతురస్రపు కంతలోంచి కంటి ఎత్తులో చూస్తే మాత్రం తప్పు పట్టకూడదు, ఆటలూ ఊరేగింపులూ తీయడానికి ఆ ఏర్పాటు చేసిందే.

నాలుగో పని: 35 ఎంఎం కెమెరాలు

ఇక్కడ మొదటి ప్రశ్న నెత్తిన మూపురం ఉందా లేదా అన్నది. మూపురం ఉంటే అది ఎస్సెల్లార్, అంటే ఫొటో తీసే లెన్సులోంచే దృశ్యాన్ని చూపే కెమెరా, ఆ మూపురంలో ఉండేది పెంటాప్రిజం అనే గాజు పట్టకం. అటువంటివి 1940ల చివర గానీ మార్కెట్టులోకి రాలేదు. 1959 నాటి నికాన్ ఎఫ్ మూపురం పదును తేలిన త్రిభుజంలా ఉంటుంది, దూరపు షాటులో కూడా దాన్ని పోల్చుకోవచ్చు. మూపురం లేక, ముందు వైపు చిన్న కిటికీలు వరుసగా ఉంటే రేంజ్‌ఫైండర్, అంటే ఆ కిటికీల సాయంతో దూరం కొలిచి ఫోకస్ చేసే కెమెరా. లెన్సును మరలా తిప్పి బిగించే పాత స్క్రూ లైకాలకు నెత్తిన గుండ్రటి పిడులే ఉంటాయి, 1954 నాటి లైకా ఎం త్రీకి బొటనవేలితో లాగే మీట ఉంటుంది. అయితే ఖార్కివ్‌లో 1934 నుంచి తయారైన ఫెడ్, ఆ తరువాతి జోర్కీ పాత లైకాకు నకళ్లే కనుక, పేరు చదవగలిగితే తప్ప ‘లైకా తరహా’ అన్న మాట దాటి ముందుకు వెళ్లకూడదు.

పేరు కనిపించకపోయినా ఆకారం ఎంత బలమైన సాక్ష్యమో హిచ్‌కాక్ తీసిన రియర్ విండో (1954) చూస్తే అర్థమవుతుంది. కాలు విరిగి చక్రాల కుర్చీలో కూర్చున్న ఫొటోగ్రాఫరు చేతిలోని కెమెరాకు కంపెనీ పేరు కనిపించకుండా కప్పేశారు. అయినా అది డ్రెస్డెన్‌లో తయారైన ఎక్సాక్టా అని, దానికి తగిలించిన పొడవాటి లెన్సు కిల్‌ఫిట్ సంస్థ 400 ఎంఎం లెన్సు అని కెమెరాలు తెలిసినవారు గుర్తుపట్టారు. ఎక్సాక్టా రెండు చివర్లూ కోసినట్టు ఉంటుంది, పైగా ఫొటో తీసే మీట ఎడమ చేతి వైపు ఉంటుంది. అద్దపు బొమ్మ పరీక్ష ముందే ఎందుకు చేయమన్నానో ఇప్పుడు తెలుస్తుంది. తిరగబడిన ప్రతిలో మామూలు కెమెరా కూడా ఎడమచేతి కెమెరాలా కనిపించి, ఎక్సాక్టా అని పొరబడేలా చేస్తుంది.

పరిమాణాన్ని అరచేతితో పోల్చుకోవాలి. లైకా ఎం త్రీ పొడవు 138 మిల్లీమీటర్లు, అంటే పెద్దవాడి రెండు చేతులలో దాదాపు దాగిపోతుంది. రెండు చేతులు చాలక ఛాతీకి ఆనించి మోస్తున్నట్టుంటే, తీగ చట్రం, పక్కన పెద్ద గిన్నె వంటి ఫ్లాష్ ఉంటే, అది అమెరికా విలేకరుల స్పీడ్ గ్రాఫిక్ తరహా ప్రెస్ కెమెరా.

ఐదో పని: ఫ్లాష్‌ను, నెగటివ్‌ను విచారించడం

కెమెరా కన్నా ఫ్లాష్ కాలాన్ని నికరంగా చెప్పే సందర్భాలు ఉన్నాయి. గిన్నె ఆకారపు రిఫ్లెక్టరులో బల్బు ఉంటే ఆ బల్బు ఒక్క మెరుపుతో కాలిపోతుంది, మళ్లీ తీయాలంటే వేడిగా ఉన్న పాతదాన్ని తీసి కొత్తది పెట్టాలి. ఇలాంటి బల్బులు 1930 ప్రాంతంలో వాడుకలోకి వచ్చాయి. అంతకుముందు కాలపు కథలో పళ్లెంలో పొడి వెలిగి భగ్గుమని పొగ రావాలి. నాలుగు బల్బుల చిన్న ఘనం కెమెరా నెత్తిన తిరిగితే ఆ చిత్రం 1965కు ముందుది కాజాలదు. ఫొటోగ్రాఫరు భుజానికి తోలు సంచిలో బ్యాటరీ పెట్టె వేలాడుతూ, దాని నుంచి తీగ ఫ్లాష్ దాకా వస్తే ఎలక్ట్రానిక్ ఫ్లాష్, దానితో వరుసగా మెరుపులు తీసినా తప్పులేదు. స్టార్ వార్స్ (1977)లో వెలుగు కత్తి పిడిగా వాడినది గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ గన్ పిడే. వస్తువు పుట్టిన పనికీ తెర మీది పనికీ సంబంధం ఉండితీరాలన్న నియమమేమీ లేదు.

మన సినిమాల్లో ఫొటోతో బెదిరించే ఘట్టం లెక్కలేనన్నిసార్లు వచ్చింది కనుక నెగటివ్ చూసే అవకాశం తరచుగా దొరుకుతుంది. నూట ఇరవై నంబరు రీలు వాడే ట్విన్ లెన్స్ కెమెరాకు పన్నెండు చదరపు బొమ్మలు వస్తాయి, ఫిల్ము అంచున కంతలు ఉండవు. 35 ఎంఎం రీలుకు రెండు అంచులా కంతలు ఉంటాయి, పూర్తి రీలుకు 36 బొమ్మలు. తోటలో ట్విన్ లెన్స్‌తో తీసి, తరువాతి రీలులో కంతలున్న సన్నని నెగటివ్ ముక్కను దీపానికి అడ్డంగా పట్టుకుని వికటంగా నవ్వితే, అది సినిమా ఎడిటింగ్ గదిలో దొరికిన ముక్క అయి ఉంటుంది. 1958లో వచ్చిన యాషికా 635కు 35 ఎంఎం ఫిల్ము వేసే ఏర్పాటు ఉండేది, రోలీఫ్లెక్స్‌కు కూడా అటువంటి అదనపు సామగ్రి దొరికేది. అవి మినహాయింపులు.

శబ్దాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోవద్దు. ట్విన్ లెన్స్ షట్టరు చప్పుడు చాలా చిన్నది, తెర మీద వినిపించే ‘టకాక్’ తరువాత కలిపినది. వ్యూఫైండరులోంచి కనిపిస్తున్నట్టు చూపే దృశ్యం కూడా అంతే. పైనుంచి చూసే ట్విన్ లెన్స్‌లో ఎడమ కుడి మారిన చదరపు బొమ్మ కనిపించాలి, సినిమాలో అలా చూపడం అరుదు.

సినిమాలో సినిమా తీసే సన్నివేశాలు

స్టూడియో నేపథ్యపు కథల్లో కనిపించే మూవీ కెమెరాలను గుర్తించడం కొంత సులువు, ఎందుకంటే రకాలు తక్కువ. నెత్తిన రెండు గుండ్రటి ఫిల్ము డబ్బాలు ఆనుకుని నిలబడి, బరువైన స్టాండు మీద ఉంటే మిచెల్ తరహా. చేత్తో మోయదగ్గ పరిమాణంలో ఉండి, ముందు మూడు లెన్సులు తిరిగే పలక, కింద పిడిలా గుండ్రటి మోటారు ఉంటే 1937లో మొదలైన ఆరిఫ్లెక్స్ కుటుంబం. తాళం తిప్పినట్టు కీ ఇచ్చి నడిపే చిన్న కెమెరా విలేకరి చేతిలో ఉంటే ఐమో గానీ, 16 ఎంఎం బోలెక్స్ గానీ కావచ్చు. మాయాబజార్‌లోని ప్రియదర్శిని పెట్టె ఏ కంపెనీదో తేల్చడం మాత్రం ఈ పద్ధతి వల్ల కాదు.

ఆరో పని: తేదీతో సరిచూడడం

ఇప్పటికి రెండు మూడు పేర్లు మిగిలి ఉంటాయి. చిత్రం మొదట్లో వచ్చే సెన్సారు సర్టిఫికెట్ మీది తేదీ చూడాలి. అప్‌లోడ్ చేసినవారు దాన్ని కోసేసి ఉంటే ఆనాటి పత్రికల్లోని విడుదల ప్రకటన చూడాలి. ఆ తేదీ తరువాత మార్కెట్టులోకి వచ్చిన మోడళ్లన్నీ కొట్టివేయాలి. దూరపు షాటులో రోలీఫ్లెక్స్‌నూ యాషికా-మ్యాట్‌నూ విడదీయలేనప్పుడు 1955 నాటి చిత్రమని తెలిస్తే, యాషికా-మ్యాట్ దానంతట అదే తప్పుకుంటుంది.

ఈ లెక్కను వెనక్కు తిప్పి వాడకూడదు. 1972 చిత్రంలో 1938 కెమెరా ఉండడం వింత కాదు. 1957 నాటి విదేశీ మారకం కొరత తరువాత దిగుమతుల మీద కట్టుబాట్లు బిగిసి, ఉన్న కెమెరాలనే మరమ్మతు చేసుకుంటూ దశాబ్దాల తరబడి వాడారు. కెమెరా పుట్టిన ఏడాదిని బట్టి చిత్రం ఎంత పాతదో చెప్పబోవడం ఈ రంగంలో నేను తరచుగా చూసే తర్కదోషం.

ఏడో పని: స్టిల్సూ, స్టూడియోలూ

సినిమా ఫ్రేము సుమారు 22 × 16 మిల్లీమీటర్ల ముక్క. అదే సన్నివేశాన్ని యూనిట్‌లోని స్టిల్ ఫొటోగ్రాఫరు చదరపు నెగటివ్ మీద తీసి ఉంటే, దాని వైశాల్యం దాదాపు తొమ్మిది రెట్లు. వీడియోలో మసకగా మిగిలిన నేమ్‌ప్లేటు పత్రికలోనో, హాలు ముందు పెట్టిన ప్రచార ఫొటోలోనో చదవగలిగేలా ఉండవచ్చు. టైటిల్స్‌లో ‘స్టిల్స్’ అన్న కార్డు మీద పేరు రాసుకోండి. నటుడి చేతికి ఇచ్చినది ఆయన సొంత కెమెరాయేనేమో అన్న అనుమానం నాకు చాలా చిత్రాల విషయంలో కలిగింది. అదే స్టిల్ ఫొటోగ్రాఫరు పనిచేసిన ఇతర చిత్రాలలో అదే తోలు పట్టీ, అదే గీత ఉన్న కెమెరా కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది.

ఆ తరువాత ఫోనులో భద్రపరచిన ఫ్రేములతో ఊళ్లోని పాత స్టూడియోకు వెళ్లాలి. ఉదయం గిరాకీ మొదలుకాక ముందు వెళ్లి, ‘అమ్ముతారా’ అని అడగకుండా ‘ఒకసారి చూపిస్తారా అండీ’ అని అడగండి. కొనేవాడని అనిపిస్తే ధర గురించిన మాటలే తప్ప కెమెరా గురించిన మాటలు రావు. అసలు కెమెరాను ఫ్రేములో ఉన్న కోణంలోనే పట్టుకోమని చెప్పి ఫొటో తీసి, రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పిడుల మధ్య దూరం, పట్టీ కొక్కెం ఉన్న చోటు, పై మూత వాలు, ఈ మూడూ కలిసిరావాలి.

రాసిపెట్టుకునే తీరు

ప్రతి గుర్తింపుకూ చిత్రం పేరు, కనిపించిన నిమిషం, సెకను, ప్రతి తిరగబడినదా కాదా అన్నది ముందు రాయాలి. ఆ తరువాత కంటికి కనిపించినవి, ఊహించినవి వేరువేరు వాక్యాల్లో ఉండాలి. ‘కుడివైపు క్రాంక్, లెన్సుల మధ్య చక్రాలు కనిపించాయి, నేమ్‌ప్లేటు చదవలేకపోయాను, సెన్సారు తేదీ 1961 కనుక రోలీఫ్లెక్స్ గానీ యాషికా-మ్యాట్ గానీ కావచ్చు’ అని రాసుకున్న నోటు, రేపు మెరుగైన ప్రతి దొరికినప్పుడు సరిచేయడానికి వీలుగా ఉంటుంది. కుటుంబం దాకా మాత్రమే తేలిన చోట అక్కడే ఆగి, మోడల్ గడిని ఖాళీగా వదిలేయండి.